అందమైన ఖైదీ, తడబడ్డ పోలీసులు: ‘ప్రిజనర్ ఆఫ్ లవ్’ అంత బాగా ఎందుకు పండింది?

ముందువరుస:

పాత అమెరికన్ సిట్‌కామ్ (టీవీ హాస్య ధారావాహిక) ‘ది ఆండీ గ్రిఫిత్ షో’ని బాగా ఎరిగినవాళ్లకు ఈ ప్రశ్న. నాలుగో సీజన్‌లో ‘ప్రిజనర్ ఆఫ్ లవ్’ అనే ఎపిసోడ్ ఉంది. ఒక్క రాత్రికి అట్టిపెట్టమని రాష్ట్ర పోలీసులు ఒక ఖైదీని మేబెర్రీ అనే చిన్న ఊరికి తెస్తారు. తీరా చూస్తే ఆ ఖైదీ అందగత్తె, నగల దొంగ. షెరీఫ్ ఆండీ, డెప్యూటీ బార్నీ ఇద్దరికీ కాళ్లు నిలవవు. కథంతా దాదాపు ఒకే గదిలో, ఒకే రాత్రిలో నడుస్తుంది. పాతిక నిమిషాలు ఎక్కడా పట్టు సడలదు.

ఇలాంటి పరిస్థితినే తీసుకుని గంటలోపు నాటిక రాయాలనుకుంటున్నాను. ఒకే సెట్టు, ఐదారు పాత్రలు, నాటక పోటీల పరిషత్తు ప్రేక్షకులు. కాపీ కొట్టే ఉద్దేశం లేదు, పనితనం అర్థం కావాలి. ఆ ఎపిసోడ్‌లో ఆకర్షణ చవకబారుగా అనిపించకుండా ఎలా నిలబడింది? దాంతోపాటు చూడాల్సిన ఎపిసోడ్లు ఏవి? మన పోలీస్ స్టేషన్‌లో పెడితే ఎక్కడ తేడా కొడుతుంది?

నలుపుతెలుపు:

మంచి ఎపిసోడ్ పట్టుకున్నారండీ. 1964 ఫిబ్రవరి 10న సీబీఎస్ టీవీలో వచ్చింది. రాసింది హార్వీ బుల్లక్. ఖైదీగా సుసాన్ ఆలివర్ వేశారు. ఆ పాత్రకు పేరే లేదు. రచయిత ఆమెకు పేరు పెట్టలేదు, గతం చెప్పలేదు, కన్నీటి కథ అంటగట్టలేదు. ఎదుటివాడు ఏం వినాలనుకుంటున్నాడో అదే వినిపించే మనిషి ఆమె. పేరు పెట్టి ఫ్లాష్‌బ్యాక్ ఇచ్చి ఉంటే ప్రేక్షకుడు ఆమె మీద జాలిపడేవాడు. అప్పుడు కథ వేరే దారి పట్టేది.

ఇక అసలు సంగతి. బార్నీ ఫైఫ్ తడబడటం వార్త కాదు. అతని తుపాకీకి ఒక్కటే తూటా, అదీ చొక్కా జేబులో పెట్టుకోవాలి. గొప్ప పోలీసునని అనిపించుకోవాలనే తపన నిలువెల్లా ఉన్నవాడు. ఆ తపనను కాస్త నిమిరితే ఎవరికైనా లొంగుతాడు. డాన్ నాట్స్ ఈ పాత్రకు ఐదు ఎమ్మీ టీవీ అవార్డులు అందుకున్నారు. అతను పడిపోవడం మూడు సీజన్లుగా జనం చూస్తూనే ఉన్నారు. ఈ ఎపిసోడ్‌ను వేరే మెట్టు మీద నిలబెట్టింది ఆండీ టేలర్ తడబాటు. తుపాకీ పెట్టుకోకుండా ఊరిని చక్కబెట్టే మనిషి. భార్య పోయింది, కొడుకును పెంచుకుంటున్నాడు. ఊళ్లో ఎవరికి ఏ చిక్కొచ్చినా విడదీసేది ఇతనే. ఆ మనిషి, ఆ అమ్మాయి ముద్దు పెట్టుకునేంత దగ్గరికి వస్తారు. 249 ఎపిసోడ్ల షోలో అంత వేడి ఉన్న ఘట్టాలు అరుదు. బార్నీ పడితే నవ్వొస్తుంది, ఆండీ పడబోతే భయమేస్తుంది. ఆ భయం వల్లే మిగతా హాస్యానికి బరువొచ్చింది.

మీ నాటికలో ముందు తేల్చుకోవాల్సింది ఇదే: ఎవరు పడితే ప్రేక్షకుడు కుర్చీలో ముందుకు వంగుతాడు? తెలివితక్కువ కానిస్టేబుల్ ఒక్కడినే పడేస్తే అది పది నిమిషాల స్కిట్. గంట నడవాలంటే గట్టివాడు కదలాలి.

వెంట చూడాల్సినవి మూడు. మొదటి సీజన్‌లో ‘ఆండీ అండ్ ద జెంటిల్‌మన్ క్రుక్’, 1961 ఫిబ్రవరిలో వచ్చింది. డాన్ టోబిన్ వేసిన పెద్దమనిషి తరహా మోసగాడు బార్నీని, బీ అత్తయ్యను, పిల్లాడు ఓపీని మాటలతో బుట్టలో వేస్తాడు. శృంగారం పాలు లేకుండా ఆకర్షణ ఎలా పనిచేస్తుందో చూడటానికి ఇది పాఠం. మూడో సీజన్‌లో ‘కన్విక్ట్స్ ఎట్ లార్జ్’, 1962 డిసెంబర్. జైలు నుంచి పారిపోయిన ముగ్గురు ఆడఖైదీలు ఒక క్యాబిన్‌లో బార్నీని, మంగలి ఫ్లాయిడ్‌ను పట్టి ఉంచుతారు. పరిస్థితి తిరగబడిందన్నమాట, అక్కడ పోలీసే బందీ. మూడోది ‘ది బిగ్ హౌస్’, 1963 మే, ఇదీ బుల్లక్ రాసిందే. దీన్నీ ‘ప్రిజనర్ ఆఫ్ లవ్’నీ పక్కపక్కన పెట్టి చూడండి. ‘బిగ్ హౌస్’లో ఇద్దరు దొంగలు పోలీసుల చేతగానితనం వల్ల మళ్లీమళ్లీ జారుకుంటారు. ‘ప్రిజనర్ ఆఫ్ లవ్’లో ప్రమాదం పోలీసుల మంచితనం వల్ల వస్తుంది. ఒకే రచయిత, అదే లాకప్, తొమ్మిది నెలల తేడా. మీరు ఏ రకం రాస్తున్నారో తేల్చుకోవడానికి ఈ జంట చాలు.

ముగింపు ఇక్కడ చెప్పను. చివరి నాలుగైదు నిమిషాలు మీరే చూడాలి.

రెండో అంకం:

పైన చెప్పినదానికి పొడిగింపుగా, రాత బల్ల మీద పనికొచ్చే సంగతులు.

ఈ రకం కథలో ఆకర్షణ అనేది చూపుల్లో ఉండదు, నియమాల్లో ఉంటుంది. ముందు నియమాలు పెట్టాలి, తర్వాత ఒక్కొక్కటే సడలాలి. మూడు చాలు. నాలుగోది పెడితే ప్రేక్షకుడికి గుర్తుండదు. ఉదాహరణకు: సెల్‌కు మూడడుగుల లోపు ఎవరూ వెళ్లకూడదు, ఖైదీ చేతికి ఏ వస్తువూ ఇవ్వకూడదు, తాళంచెవి సెంట్రీ ఒంటిమీదే ఉండాలి. ఈ మూడూ మొదటి ఐదు నిమిషాల్లో, గట్టిగా, వీలైతే అందరికన్నా ముందు మీరబోయే మనిషి నోటనే చెప్పించండి. తర్వాత అదే వరుసలో తెంచండి. వరుస మారిస్తే మెట్లెక్కిన భావన రాదు.

తెంచే పద్ధతి ముఖ్యం. ఖైదీ ఏదీ అడగకూడదు. అడిగిన క్షణం పోలీసు పోలీసైపోతాడు. ఖైదీ ఇవ్వాలి. ఇలా అనుకోండి. రాత్రి పదకొండు, హెడ్డు కుర్చీలో కునుకుతున్నాడు. లోపలినుంచి మాట: ‘మీ చొక్కా రెండో గుండీ వేలాడుతోంది. పొద్దున్నే డీఎస్పీ గారొస్తారన్నారుగా.’ అంతే, ఇంకేం అనదు. అతను చూసుకుంటాడు, దారంతో బిగించబోతాడు, చేతకాదు. రెండు నిమిషాల తర్వాత తనే సొరుగులోంచి సూదీ దారం తీసుకుని లేస్తాడు. మూడడుగుల నియమం పోయింది. సూది లోపలికి వెళ్లింది, రెండో నియమమూ పోయింది. చొక్కా విప్పి ఊచల సందునుంచి అందిస్తాడు. తాళంచెవి ఎక్కడుంది? ఆ చొక్కా జేబులో. నాలుగో నిమిషంలో అతను చెవిని జేబులో వేసుకుని పైనుంచి తట్టుకోవడం ప్రేక్షకుడు చూసే ఉంటాడు. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబడుతుంది, మాట ఒక్కటీ అక్కర్లేదు. గుండీ కుట్టి చొక్కా తిరిగిస్తుంది. చెవి ఉందా లేదా అన్నది మీ రెండో సగం.

ఎక్కువమంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. ఖైదీ మొదటి డైలాగు నుంచే వలపు ఒలకబోస్తుంది. అలా చేస్తే పోలీసు మూర్ఖుడిగా మిగులుతాడు, ప్రేక్షకుడు అతనికంటే ముందుంటాడు, ఉత్కంఠ చస్తుంది. మొదటి పది నిమిషాలు ఆమె, లేదా అతను, మర్యాదగా, కాస్త విసుగ్గా ఉంటే చాలు. ఇంకో తప్పు ద్వంద్వార్థాలు. రెండర్థాల మాట పడిన చోటల్లా జనం నవ్వుతారు, కానీ ఆ నవ్వు పాత్రను చంపుతుంది. పరిషత్తుల్లో న్యాయనిర్ణేతలు మార్కులు కోసేదీ అక్కడే.

ఊరి జనం సంగతి. అందమైన ఖైదీ వచ్చిందని తెలిసి ఏదో వంకతో స్టేషన్‌కు వచ్చేవాళ్ల వరుస ఈ కథకు సహజం, నవ్వులు గ్యారంటీ. అందుకే రచయితలు దాన్ని సాగదీస్తారు. గంట నాటికలో ఆరు నిమిషాలకు మించనివ్వకండి. ముగ్గురొస్తే చాలు, ఒక్కొక్కరి వంక ముందువాడి వంకకన్నా బలహీనంగా ఉండాలి. తర్వాత తలుపు మూసేసి ఇద్దరిని మిగల్చండి. ఆ నిశ్శబ్దంలోకి వెళ్లడం కోసమే గుంపు.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఇద్దరు పోలీసులుంటే ఖైదీ ఇద్దరికీ ఒకే వల వేయకూడదు. బార్నీ లాంటివాడికి కావాల్సింది గొప్ప. ‘మీలాంటి ఆఫీసరు ఈ ఊళ్లో ఉండిపోయారేమిటి’ అంటే చాలు. ఆండీ లాంటివాడి దగ్గర ఆ మాట పనిచేయదు, నవ్వేసి ఊరుకుంటాడు. అతన్ని ఎవరూ ‘నువ్వెలా ఉన్నావు’ అని అడగరు, అందరూ తమ గోడు చెప్పుకునేవాళ్లే. అతనికి కావాల్సింది వినే మనిషి. రెండు వలలూ రెండు రకాల భాషలో రాయండి: ఒకదానిలో ఖైదీ మాటలెక్కువ, ఇంకోదానిలో ఖైదీ దాదాపు మాట్లాడదు.

ఖాకీచొక్కా:

మూడో ప్రశ్నకు జవాబు. మన స్టేషన్‌లో ఈ కథను ఉన్నది ఉన్నట్టు పెట్టలేరు, పెట్టకూడదు కూడా.

మేబెర్రీలో షెరీఫ్ అంటే జిల్లాకు ఎన్నికైన అధికారి. డెప్యూటీని తనే పెట్టుకుంటాడు. కోర్టుహౌస్‌లోనే ఆఫీసు, ఆఫీసులోనే రెండు సెల్లు. దారిలో ఉన్న ఖైదీని ఒక రాత్రి అక్కడ దింపడం ఆ ఏర్పాటులో ఇమిడిపోతుంది. మన దగ్గర లాకప్‌లో ఆడమనిషిని రాత్రంతా ఇద్దరు మగ పోలీసుల కాపలాలో ఉంచితే అది హాస్యం కాదు, నేరుగా చట్ట ఉల్లంఘన. షీలా బర్సే కేసులో 1983లోనే సుప్రీంకోర్టు మహిళా నిందితులకు వేరే లాకప్, మహిళా కానిస్టేబుళ్ల కాపలా ఉండాలని చెప్పింది. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి ముందుగా మెజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. ఇది పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 46(4)గా ఉండేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 43(5). ఒంటి సోదా కూడా మహిళే చేయాలి. వేరే రాష్ట్రం పోలీసులు ఇక్కడ పట్టుకుని తీసుకెళ్తున్నట్టు రాస్తే, ట్రాన్సిట్ రిమాండ్ (నిందితుణ్ని తమ రాష్ట్రానికి తీసుకెళ్లే అనుమతి) కోసం స్థానిక మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అరెస్టైన 24 గంటల్లోపు మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలన్న లెక్క ఎలాగూ ఉంది.

చట్టం ఒక ఎత్తు, జ్ఞాపకం ఇంకో ఎత్తు. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో ఒక మహిళ మీద జరిగిన ఘోరానికి ఊరు ఊరంతా భగ్గుమంది. స్టేషన్‌లో పోలీసుల అత్యాచారానికి సంబంధించిన మథుర కేసు తీర్పు మీద దేశమంతా నిరసనలు లేచి 1983లో చట్టమే మారింది. ఒక ఆడమనిషి, తాళం వేసిన గది, బయట మగ పోలీసు అనే దృశ్యం తెలుగు ప్రేక్షకుడి కళ్లముందు పెడితే అతనికి మేబెర్రీ గుర్తుకు రాదు. అక్కడ నవ్వు పుట్టించాలని చూడటం తప్పు.

కాబట్టి రెండు దారులు. ఒకటి, ఖైదీని మగవాడిని చేసి పైన చెప్పిన పెద్దమనిషి మోసగాడి దారి పట్టండి. రెండోది నాకు మరీ నచ్చే దారి: ఖైదీ ఆడమనిషే, కాపలా కూడా మహిళా హెడ్ కానిస్టేబులే. వలపు తీసేస్తే ఆకర్షణ పోదు, స్నేహం రూపంలో వస్తుంది. ఖైదీ చీటీల మోసం కేసులో దొరికిందనుకోండి. హెడ్డమ్మ తన వాడలో లక్ష రూపాయల చీటీ కడుతోంది, 20 మంది, నెలకు 5,000. ఈ నెల 30,000 తోపుకు (తగ్గింపుకు) పాడేశారు, తనకు ఎంత తగ్గాలో తెలియదు. లోపలినుంచి ఖైదీ నోటిలెక్క చెప్తుంది: ‘కమిషన్ 5,000 తీసేస్తే మిగిలింది 25,000. తలా 1,250. మీరు ఈ నెల కట్టాల్సింది 3,750 అమ్మా. 4,000 తీసుకుంది అంటే చీటీ నడిపే ఆవిడ మనిషికి 250 నొక్కేస్తోంది.’ లెక్క కరెక్టు. సాయం నిజం. మోసగత్తె నిజం చెప్పిన చోటే నమ్మకం పుడుతుంది. అక్కడినుంచి మెట్లు మీరు ఎక్కించుకోవచ్చు.

ఖైదీ జారిపోతే ఏమవుతుందో కూడా నాటికలో బరువుగా ఉండాలి. నిర్లక్ష్యం వల్ల కస్టడీనుంచి ఖైదీ పారిపోతే కాపలా ఉన్న ఉద్యోగికి రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో 223వ సెక్షన్, కొత్త న్యాయ సంహితలోనూ శిక్ష అదే. సస్పెన్షన్ అంతకన్నా ముందే చేతికొస్తుంది. ఈ భయాన్ని మొదట్లోనే ఒక చిన్న మాటగా చెప్పించండి, ‘పోయినోడు పోతాడు, లోపలికెళ్లేది మనం’ అని. మేబెర్రీలో పందెం ఆండీ పరువు. మన దగ్గర పందెం ఉద్యోగం, పింఛను.

చిన్న వివరాలు: సెంట్రీ మారినప్పుడల్లా జనరల్ డైరీలో ఎంట్రీ పడుతుంది. నాటికలో ఆ పుస్తకాన్ని బల్లమీద పెట్టి మూడుసార్లు రాయించండి. మూడోసారి రాయడం మరిచిపోయిందంటే ప్రేక్షకుడికి విషయం తెలిసిపోతుంది.

ముందువరుస:

చీటీ లెక్క బంగారంలా ఉందండీ, ఆ దారే పడతాను. ఇద్దరూ ఆడవాళ్లయితే ఆండీ లాంటి గట్టి మనిషి స్థానంలో ఎవరుండాలి? హెడ్డమ్మే గట్టిదా, లేక ఎస్సై కూడా కావాలా? ఇంకొకటి, లాకప్‌ను రంగస్థలం మీద ఎలా కట్టాలి? ఊచలు పెడితే ముఖం కనబడదు, పెట్టకపోతే లాకప్ అనిపించదు.

రెండో అంకం:

హెడ్డమ్మే గట్టిది కావాలి. ఎస్సైని మొదట ఐదు నిమిషాలు చూపించి బందోబస్తుకు పంపేయండి, చివర్లో తిరిగి రావచ్చు. బార్నీ స్థానంలో కొత్తగా చేరిన కుర్ర కానిస్టేబులమ్మను పెట్టండి. ఆ పిల్ల పదిహేనో నిమిషానికే పడిపోవాలి, హెడ్డమ్మ ఆమెను మందలించాలి. మందలించిన మనిషే తర్వాత అంతకన్నా లోతుగా పడాలి. ఆండీ-బార్నీ జంటలో ఉన్న కీలకం అదే, ఆడా మగా తేడా లేదు దానికి.

చివర్లో హెడ్డమ్మ చేత నీతి చెప్పించకండి. ఆమె ఎంత దూరం వెళ్లిందో ఆమెకు, ఖైదీకి, ప్రేక్షకుడికి తెలుసు. కుర్ర కానిస్టేబులమ్మకు తెలియనివ్వకండి.

రంగస్థల సామాను:

లాకప్ సంగతి నేను చెప్తాను. మేబెర్రీ సెట్‌లో సెల్లు గది వెనక భాగంలో ఉంటాయి. తాళంచెవులు గోడకు, లోపలున్నవాడి చేతికి అందే చోట వేలాడతాయి. ఊరి తాగుబోతు ఓటిస్ వారాంతంలో తనే వచ్చి, తాళం తీసుకుని లోపలికెళ్లి వేసుకుని, చెవిని తిరిగి గోడకు తగిలించి పడుకుంటాడు. తెల్లారి చెయ్యి చాపి తనే తీసుకుని వెళ్లిపోతాడు. ఆ ఒక్క ఏర్పాటుతో ఊరి స్వభావమంతా చెప్పేశారు. నిజమైన దొంగ వచ్చిన రోజున అదే తాళంచెవి ప్రమాదం. మీ సెట్‌లోనూ చెవి ఎక్కడుంటుందన్నది ముందు నిర్ణయించి, మిగతాది దాని చుట్టూ కట్టండి.

సినిమా ఫిల్ముమీద, ఒకే కెమెరాతో, ప్రేక్షకులు లేకుండా తీసిన షో అది. నవ్వులు తర్వాత కలిపినవే. కాబట్టి ముఖం దగ్గర కావాలంటే కెమెరా దగ్గరికెళ్లింది. మీకు ఆ వెసులుబాటు లేదు. సెల్‌ను వెనక గోడకు ఆనించకండి. ప్రేక్షకుల ఎడమవైపు మూలలో, 45 డిగ్రీల కోణంలో, ముందుకు తెచ్చి నిలబెట్టండి. అప్పుడు ఖైదీ ముఖం, ఊచల ఇవతల నిలబడ్డవాళ్ల ముఖం రెండూ హాలువైపు తిరుగుతాయి. నిజం లాకప్‌లో ఊచల మధ్య నాలుగంగుళాలే ఉంటే మీరు ఆరు పెట్టండి. వెనక వరుసకు తేడా తెలియదు, కళ్లు మాత్రం కనిపిస్తాయి. పైగా చొక్కానో నోట్‌బుక్కో లోపలికి అందించాలంటే నాలుగంగుళాల్లో ఇరుక్కుంటుంది.

ఊచలకు ఒట్టి పీవీసీ పైపు వాడితే నటి పట్టుకోగానే వంగుతుంది, సీరియస్ సన్నివేశంలో హాలు నవ్వుతుంది. ఒక అంగుళం పైపులో సన్నటి ఇనుప చువ్వ దూర్చి, పైనా కిందా చెక్క ఫ్రేములో రంధ్రాలు చేసి దించండి. మాట్ నల్ల రంగు వేయండి, మెరుపు రంగు లైట్లకు తళుక్కుమంటుంది. తలుపు వెడల్పు రెండున్నర అడుగులు, బయటికి తెరుచుకోవాలి. గడియ మాత్రం నిజమైన ఇనుముది పెట్టండి. ఆ చప్పుడు రికార్డింగ్‌లో పెడితే సమయానికి పడదు, చేత్తో తీస్తే సరిగ్గా పడుతుంది. తాళంచెవుల రింగు ఆరంగుళాలది చేయించండి. చిన్న చెవి జేబులో వేసినా, ఊచల్లోంచి వెళ్లినా మూడో వరుస దాటి ఎవరికీ కనబడదు, అప్పుడు మీ ఉత్కంఠ మొత్తం మొదటి మూడు వరుసలకే.

లైటింగ్ ఒక్క మాట. రాత్రి అనగానే నీలం లైటు వేస్తారు, ముఖాలు చచ్చిపోతాయి. బల్లమీద ఒక పసుపు బల్బు, సెల్‌లో దానికి సగం వెలుతురు. మెట్టుమెట్టుకూ సెల్ వైపు వెలుతురు కొంచెం పెంచుతూ, బల్లవైపు తగ్గిస్తూ పోండి. చీటీ లెక్క అయ్యేసరికి రెండూ సమానం కావాలి.

నలుపుతెలుపు:

సుసాన్ ఆలివర్ గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. అదే 1964 చివర్లో ఆమె టీవీ సీరియల్ ‘స్టార్ ట్రెక్’ తొలి పైలట్ (నమూనా ఎపిసోడ్) ‘ది కేజ్’లో వీనాగా చేశారు. ఆకుపచ్చ రంగు పూసుకున్న నర్తకి బొమ్మ చాలామంది చూసే ఉంటారు. 1967లో ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానంలో ఒంటరిగా అట్లాంటిక్ దాటారు. మేబెర్రీ ఖైదీ పాత్రను చూసేటప్పుడు ఆమె ఎంత తక్కువ కదులుతుందో గమనించండి. పక్కన డాన్ నాట్స్ చేతులు, కనుబొమలు, మెడ ఒక్కక్షణం నిలవవు. ఆమె నిలకడగా ఉండటం వల్లే అతని గందరగోళం రెట్టింపు కనిపిస్తుంది. మీ చీటీల ఖైదీకీ అదే చెప్పండి: కూర్చున్నచోటు నుంచి లేవడం గంటలో మూడుసార్లకు మించకూడదు, లేచిన ప్రతిసారీ ఒక నియమం పోవాలి.